వెనక సీట్లో స్టేజ్ టూ

మిర్చి బజ్జీల రెండో వాయి తీసేసరికి స్టేజ్ వన్ ఓడిపోయింది.

హాల్లో చప్పట్లు కొట్టారు. చిల్లుల గరిటె చేతిలో ఉండగానే తలుపు దాకా వచ్చి చూశాను. మా ఆయన ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, క్రికెట్ మ్యాచ్‌కి కూర్చోబెట్టినట్టు స్నేహితులందరినీ దాని ముందు కూర్చోబెట్టాడు. తెర మీద సగం ఎక్సెల్ షీటు, గడికో రంగు. మిగతా సగం వాట్సాప్ గ్రూపు, అందులో ఓటింగ్. ఇక్కడ జర్మనీలోనే బ్రెమెన్‌లో విమానాల కంపెనీలో పనిచేసే ఒకాయన ఓటేశాడు. ఇల్మెనౌలో ఇంకా మాస్టర్స్ పూర్తికాని వాళ్ళు, సొంతానికి సైకిలు కూడా లేనివాళ్ళు ఓటేశారు. అందరూ కలిసి కార్ల్స్‌రూహెలో మా ఇంటి కింద నిలబడి ఉన్న నా కారు ఇంజనుకి ఏం చెయ్యాలో తేలుస్తున్నారు. ఆ గ్రూపులో నేను లేను. అది మగవాళ్ళ గ్రూపు.

నా కారు అంటే మా ఆయనకి కోపం. మన కారు అనాలట. కానీ బండి కాగితాల్లో నా పేరే ఉంది. ప్రేమతో రాయించింది కాదు. కొన్నప్పుడు అతనికి ఇక్కడి లైసెన్సు లేదు, ఇప్పటికీ లేదు. ఇండియా లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్ళీ పరీక్ష రాయాలి, మళ్ళీ బండి నడిపి చూపించాలి. మా ఆయన రాత పరీక్షలో ఒక్క తప్పు లేకుండా పాసయ్యాడు. నడిపే పరీక్షలో ఒకసారి కుడి పక్క సందులోంచి వచ్చే బండికి దారివ్వలేదు. ఇంకోసారి భుజం మీదుగా వెనక్కి చూడలేదు. రెండుసార్లూ ఫెయిల్. రెండోసారి తప్పు పరీక్ష పెట్టినాయనదేనని మా ఇంట్లో తీర్మానమైపోయింది. నేను ఇంటర్‌తో చదువాపేసినదాన్ని. రాత పరీక్షకి జర్మన్ మాటలు కంఠతా పట్టలేక ఏడ్చాను. నడిపే పరీక్ష మాత్రం మొదటిసారే అయిపోయింది. మా నాన్న ట్రాలీ ఆటో మీద నేర్చుకున్న చెయ్యి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇక కారు. బయటి నుంచి చూస్తే కూరగాయలకి పోయే బుల్లి బండి. ముందు రెండు తలుపులు, వెనక డిక్కీకి ఒకటి. లోపల మాత్రం ఒంటికి మించిన ఇంజను, దానికో టర్బో. ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. మా ఆయన హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ దీని ఫొటో ఫోన్‌లో పెట్టుకుని తిరిగాడట. పాత ఓనరు జర్మన్ కుర్రాడు. పెద్ద సైలెన్సరు పెట్టించాడు, గాలి పీల్చే గొట్టం మార్పించాడు, బండిని నేలకి దగ్గరగా దించాడు. అన్నిటికీ తనిఖీ వాళ్ళ దగ్గర సంతకాలు చేయించి కాగితాల్లో ఎక్కించాడు కూడా. ఇక్కడ పిచ్చి పనైనా సరే, ముద్ర ఉండాలి.

అంతా చేసిన కుర్రాడు ఇంజను కంప్యూటరు మాత్రం ముట్టుకోలేదు. పెళ్ళి కుదిరి అమ్మేశాడట. ఈ కాలం కార్లలో ఎంత పెట్రోలు పొయ్యాలి, ఎప్పుడు నిప్పు పెట్టాలి, టర్బో ఎంత ఊదాలి, అన్నీ ఆ కంప్యూటరే చెబుతుంది. కంపెనీ వాళ్ళు అందులో అంకెలు భయం భయంగా పెడతారు. ఆ అంకెలు మార్చి, అదే ఇంజనుతో ఎక్కువ పని చేయించడాన్ని ట్యూనింగ్ అంటారు. ఇక్కడ ఊరవతల ఫ్యాక్టరీల పేటలో ఒకాయన అదే పని చేస్తాడు. మా ఆయన ఈమెయిల్ పెడితే ఆయన జవాబిచ్చాడు: స్టేజ్ వన్ అయితే అంకెలు కొంచెమే మారుస్తాను, తనిఖీకి చెల్లే కాగితం ఇస్తాను. స్టేజ్ టూ అయితే ఆ పెద్ద సైలెన్సరుకి తగ్గట్టు ఇంకా పైకి తీసుకెళతాను, దానికి కాగితం లేదు, పూచీ మీదే. కావాలంటే దాని మీద పటాకులు పెడతాను. పటాకులంటే, పరిగెత్తే బండి మీద కాలు ఎత్తగానే వెనక గొట్టంలోంచి ఠప్ ఠప్ అని పేలడం. ఏ ఉపయోగమూ లేదు. పక్కింటి పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, అంతే.

కాగితం లేని ట్యూనింగ్‌తో పోలీసులకి దొరికితే బండికి రోడ్డు మీద తిరిగే అనుమతి పోతుంది. నడిపేవాళ్ళకి కేసు. కొత్త లైసెన్సు వాళ్ళకి మొదటి రెండేళ్ళు పరీక్షాకాలం, ఆ రెండేళ్ళలో ఏది జరిగినా గట్టిగా పట్టుకుంటారు. నేను అందులోనే ఉన్నాను. ఇది టీవీలో పెట్టిన ఎక్సెల్ షీటులో ఏ గడిలోనూ లేదు. "సౌండ్" అని ఒక గడి ఉంది. "రీసేల్" అని ఒక గడి ఉంది. నడిపేది ఎవరు అన్న గడి లేదు.

ఆ షీటు చూస్తుంటే నాకు ఎంసెట్ రోజులు గుర్తొచ్చాయి. నేను రాయలేదు. మా ఊళ్ళో నెట్ సెంటర్లో వెబ్ ఆప్షన్లు పెట్టేవాళ్ళని చూశాను. ఆ కాలేజీ ఎక్కడుందో, ఆ బ్రాంచిలో ఏం చెబుతారో వాళ్ళకి పట్టదు. అందరూ పైన అనుకునేది ఒకటో నంబర్లో, దాని కిందిది రెండో నంబర్లో. వీళ్ళంతా అట్లా ఎక్కొచ్చినవాళ్ళే. కారుకీ అట్లాగే ఆప్షన్లు పెట్టారు. ఒకటి కంటే రెండు పెద్దది కాబట్టి రెండు. పెట్రోలు నాణ్యతకి వేసే ఆక్టేన్ నంబర్లలో తొంభై ఐదు కంటే నూట రెండు పెద్దది కాబట్టి నూట రెండు. ఎవరైనా మూడు ఉందంటే అదీ పెట్టేవాళ్ళు.

వీళ్ళకి ఒక సలహాదారు. మా ఆయన ఆఫీసులోనే పని, రాజమండ్రి వైపు మనిషి. అతనికి కారు లేదు. నెల పాస్ మీద ట్రామ్‌లోనే తిరుగుతాడు, ట్రామ్‌లో కూర్చునే కార్ల వీడియోలన్నీ చూస్తాడు. నేను బజ్జీల పళ్ళెం పెడుతుంటే అడిగాడు.

"వదినగారూ, ఉల్లిపాయ ముక్కలు ఇంకాసిని ఉన్నాయాండీ?"

"ఉన్నయన్నా. గా పటాకులు పెడితే పోలీసోళ్ళు ఆపరా?"

"అబ్బే, మనం ఊళ్ళో కొట్టమండీ. టన్నెల్లో కొడతాం."

"ఏ టన్నెల్ల? నేను బేకరీకి పొయ్యే తొవ్వల టన్నెలే లేదు."

మా ఆయన నా వంక చూసి, "నువ్వు లోపలికి పో, నూనె మాడుతున్నట్టుంది" అన్నాడు. నూనె మాడడం లేదు. స్టవ్ కట్టేసే వచ్చాను.

సలహాదారు నిమ్మకాయ పిండుకుంటూ, "స్టేజ్ వన్ అంటే ఆడవాళ్ళ ట్యూనింగ్ బావా. మైలేజీ కోసం చేయించుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఇల్మెనౌ వాళ్ళు అక్కడి నుంచే నవ్వు బొమ్మలు పంపారు. నేనూ నవ్వాను, గిన్నెలు సింకులో వేస్తూ. మనింటికి వచ్చి మన బజ్జీలు తిని మనల్నే అన్నవాణ్ణి ఏమీ అనకూడదని నేర్పారు కదా. ఆ నేర్పిన వాళ్ళ మీద కూడా నాకు అప్పుడు కోపమొచ్చింది.

వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి తెలియదు. నాకు ఆ కారంటే ప్రాణం.

నేను ఊరికి దూరంగా ఒక బేకరీ దుకాణంలో రొట్టెలు అమ్ముతాను. పొద్దున్న దుకాణం తెరిచేది నేనే. మొదటి ట్రామ్ కోసం ఆగితే అప్పటికే తలుపు ముందు ముసలాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు, ఆలస్యమైన రొట్టె కూడా పాచిరొట్టే అన్నట్టు చూస్తారు. అందుకని కారులో పోతాను. ఈ దేశం వచ్చాక నేను ఒక్కదాన్నే చేసే పని అదొక్కటే. ఇంటి అద్దె కాంట్రాక్టు మా ఆయన చదువుతాడు, డాక్టరు దగ్గర ఆయన మాట్లాడతాడు, ఆఫీసుల్లో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఆయనే తీసుకుంటాడు. స్టీరింగ్ దగ్గర మాత్రం నన్ను ఎవరూ అనువదించక్కర్లేదు.

ఇక్కడి హైవే, ఆటోబాన్ మీదికి ఎక్కేటప్పుడు మూడో గేర్లో తొక్కితే ఆ బండి మొదట ఒక్క క్షణం ఆలోచిస్తుంది. పక్కన లారీలు రైలు పెట్టెల్లా పోతుంటాయి, ఇది ఆలోచిస్తుంది. ఆ తర్వాత లాగుతుంది చూడండి, వీపుకి సీటు అతుక్కుపోతుంది. ఆ ఆలోచించే క్షణం ఒక్కటి పోతే ఇంక దానికి సాటి లేదు. వర్క్‌షాపాయన రాసిన ఈమెయిల్ నేను ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చదివాను. స్టేజ్ వన్ చేసేది సరిగ్గా అదే, కింది నుంచే లాగేట్టు చెయ్యడం. చప్పుడు లేదు, కాగితం ఉంది. నాక్కావలసింది అది. మైలేజీ నాకెందుకు?

అతిథులు పోయాక మా ఆయనకి చెప్పాను.

"నాకు స్టేజ్ వన్ కావాలె."

"ఓటింగ్ అయిపోయింది గదనే. డెబ్బై పర్సెంట్ స్టేజ్ టూ."

"ఓటేసినోళ్ళు నడుపుతరా?"

"గట్ల కాదు. అందరికీ చెప్పినంక ఇప్పుడు వన్ అంటే ఏమనుకుంటరు? భయపడ్డడంటరు."

"పోలీసోళ్ళు ఆపితే లైసెన్స్ పొయ్యేది నాది."

"ఏం కాదు. ఇక్కడ అందరు చేస్తరు."

ఈ దేశంలో అందరూ ఏం చేస్తారో అతనికి ఎప్పుడూ తెలుసు. ఆ అందరిలో ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. పోనీ ఇక్కడివాళ్ళేమైనా మేలా అంటే అదీ లేదు. మా ఎదురింటాయన శనివారాలు కారు కింద పడుకుని చక్రం లోపలి గుంట కూడా బ్రష్షుతో తోముతాడు. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా తోమాడు. ఇనప సామాను చూస్తే మతి పోవడానికి దేశంతో పనిలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి టెర్మిన్ దొరికింది. మా ఆయన సగం రోజు సెలవు పెట్టాడు. సలహాదారు ఇంటి నుంచే పని అని చెప్పి వచ్చాడు. మెడలో కెమెరా కూడా వేసుకొచ్చాడు, గ్రూపులో వీడియో పెట్టాలట. నేను నడుపుకుంటూ తీసుకెళ్ళాను, వీళ్ళను వేరే ఎవరు తీసుకెళతారు?

వర్క్‌షాపాయన గుండుతో, లావుగా, ఒక కుక్కతో ఉన్నాడు. కుక్క టైర్ల మీద పడుకుని మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆయనా అంతే. గోడ నిండా ట్రోఫీలు, వాటి నిండా దుమ్ము. మా ఆయన ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు: మేము స్పోర్టీగా నడుపుతాం, మాకు స్టేజ్ టూ కావాలి, పటాకులు కావాలి. ఆయన విని జర్మన్‌లో అడిగాడు.

"ఏ పెట్రోలు పోస్తారు?"

"నూట రెండు" అన్నాడు మా ఆయన.

వర్క్‌షాపాయన నన్ను చూశాడు. నాకున్న జర్మన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. "ఈ-టెన్. అన్నిటికంటే చవకది. సాయంత్రం రేటు తగ్గాక, యాప్‌లో చూసి."

మా ఆయన నవ్వాడు. ఆయన తప్ప ఇంకెవరూ నవ్వలేదు. పెట్రోలు బంకు పక్క వీధిలో బండి ఆపి, యాప్‌లో రేటు పడేదాకా నన్ను కూర్చోబెట్టే మనిషి నూట రెండు అంటున్నాడు.

"ముందు రోడ్డు మీద చూద్దాం" అన్నాడు వర్క్‌షాపాయన. "ఇంజను ఇప్పుడు ఎలా ఉందో తెలియకుండా నేను ఏదీ వెయ్యను. ఎవరు నడుపుతారు?"

మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు, హోటల్లో డ్రైవరు ఎక్కడున్నాడంటే చూపించినట్టు.

స్టీరింగ్ కింద ఒక తీగ గుచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వర్క్‌షాపాయన నా పక్కన కూర్చున్నాడు. రెండు తలుపుల కారు కదా, వెనక సీట్లోకి పోవాలంటే ముందు సీటు వంచి, పిల్లిలా దూరాలి. ఇద్దరు ఇంజనీర్లూ అట్లాగే దూరారు. సలహాదారు మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. బండి కొన్నాక మా ఆయన వెనక కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ నా పక్కన కూర్చుని, ఊళ్ళో సిగ్నళ్ళ మధ్య "మెల్లగ, మెల్లగ" అనడమే. నేను పనికి పోయే వేళకి ఆయన నిద్రలో ఉంటాడు. ఆ బండి ఏం చేస్తుందో అతను చూసిందంతా ఫోన్‌లోనే.

ఆటోబాన్ మీద వేగానికి హద్దు లేని చోటికి వచ్చాం. దారి ఖాళీగా ఉంది. వర్క్‌షాపాయన అన్నాడు, "మూడో గేరు. అడుగు దాకా తొక్కండి. నేను చాలు అనేదాకా కాలు తియ్యొద్దు."

తొక్కాను.

ఆ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత పోయింది. వెనక నుంచి మొదట కెమెరా కిటికీ అద్దానికి కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత సలహాదారు, "ఓరి బాబోయ్, వదినగారూ" అన్నాడు. అద్దంలో మా ఆయనని చూశాను. నా సీటుని రెండు చేతులతో పట్టుకుని, ఇంజక్షన్ వేయించుకునే పిల్లాడిలా పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకు జాలేసింది. ఎంతైనా మొగుడు కదా. కాలు కొంచెం ఎత్తాను.

"ఎత్తొద్దు" అన్నాడు వర్క్‌షాపాయన, తెర మీంచి తల తిప్పకుండా. "లాగ్ పాడైంది, అంకెలు సరిగ్గా ఎక్కలేదు. మళ్ళీ."

మళ్ళీ తొక్కాను. ఈసారి మా ఆయన మాట్లాడాడు.

"చాలు. చాలని చెప్పు ఆయనకు. ఏ, చాలనే."

"చాలంటే ఆయన చెప్తడు" అన్నాను.

"నేను చెప్తున్న గద."

"నువ్వు స్టేజ్ టూ అన్నవు. ఇది ఇంక స్టేజ్ జీరోనే."

అలా అంటున్నప్పుడు నా గొంతులో ఉన్నది మంచిది కాదని నాకు తెలుసు. అయినా చాలా బాగుండింది.

మూడోసారి కూడా అయ్యాక వర్క్‌షాపాయన చాలన్నాడు. ఇంజను ఆరోగ్యంగా ఉందనీ, పాత ఓనరు బాగా చూసుకున్నాడనీ, ఏది కావాలంటే అది వెయ్యొచ్చనీ చెప్పాడు. "ఏది మరి?" అని వెనక్కి తిరిగి అడిగాడు. డెబ్బై పర్సెంట్ ఓట్లు వెనక సీట్లో కూర్చుని ఉన్నాయి, ఒక్కటీ నోరెత్తలేదు. కొంచెంసేపయ్యాక సలహాదారు సన్నని గొంతుతో, "వదినగారూ, ఇక్కడెక్కడైనా ఆపుతారాండీ" అన్నాడు.

లారీలు ఆగే చోట ఆపాను. వర్క్‌షాపాయన దిగి సీటు వంచాడు. సలహాదారు చెత్తడబ్బాల దగ్గర వంగి నిలబడ్డాడు. అతని మెడలో కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది, చిన్న ఎర్ర దీపం వెలుగుతూ. మా ఆయన దిగి, పక్కనే ఒక లారీ డ్రైవరు చూస్తున్నాడని నడుం మీద చేతులు పెట్టుకుని ఇంజను గురించి ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"గిట్లనా నువ్వు రోజు పొయ్యేది?" అన్నాడు నాతో, మెల్లగా.

"గింత కాదు. సగం."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే."

తిరిగి వచ్చాం. వర్క్‌షాపులో మా ఆయన, "ఆలోచించుకుని చెబుతాం" అన్నాడు. కోట్ల ఇల్లు చూసి, వాస్తు సాకు చెప్పి బయటపడే వాళ్ళు అట్లాగే అంటారు. వర్క్‌షాపాయన భుజాలెగరేసి, రేపు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటానని చెప్పి కుక్క దగ్గరికి పోయాడు. ఆయనకి మా మీద ఏ గౌరవమూ లేదు. నాకూ ఆయన మీద పెద్దగా లేదు. అడిగినవాడికి ఏదైనా వేసిచ్చి, పూచీ నీదే అని రాసిచ్చే మనిషి మీద గౌరవమెందుకు? కానీ కాలు ఎత్తొద్దని నాతో అన్నవాడు ఆయనొక్కడే.

సలహాదారుని ట్రామ్ స్టాప్ దగ్గర దింపాం. దిగి కిటికీ దగ్గర వంగి అన్నాడు. "బావా, క్లచ్ తట్టుకోదేమో అనిపిస్తోంది. నా అనాలిసిస్ అది."

ఇంటికొచ్చాక నేను చారు పెడుతున్నాను. మా ఆయన వంటింట్లోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అతను అట్లా నిలబడితే ఏదో తేల్చుకుని వచ్చాడని అర్థం.

"గీ బండి మనకొద్దు" అన్నాడు. "అమ్మేద్దం. ఆటోమేటిక్ వ్యాన్ చూసిన, ఏడుగురు కూసోవచ్చు. ఆటోమేటిక్ అయితే నేను గూడ టెస్ట్ పాసయిత. అప్పుడు నేనే నడుపుత, నీకు గూడ రెస్ట్."

"నాకు రెస్ట్ ఎవరడిగిండ్రు?"

"గంత స్పీడు మంచిది కాదు. రేపు పిల్లలైతే?"

"పిల్లలైతే అప్పుడు చూద్దం. నేను పనికెట్ల పోవాలె?"

"కొన్ని రోజులు మానెయ్. బేకరీనే గద."

గరిటె చారులో అట్లాగే ఉండిపోయింది. బేకరీనే గద. పొద్దున్నే చలిలో షట్టరు ఎత్తే పని అది, ఆ ముసలాళ్ళు నాకు నేర్పిన రొట్టెల పేర్లు అవి, నాకంటూ ఉన్న నాలుగు ముక్కల జర్మన్ అక్కడిదే. ఆ మాట అనేలోపే అతని ఫోన్ మోగింది. ఒకటి తర్వాత ఒకటి, ఆగకుండా మోగుతూనే ఉంది. బల్ల మీద ఉంది కాబట్టి చూశాను. గ్రూపులో అతను రాసింది పైనే ఉంది: "స్టేజ్ టూ డన్ బ్రోస్. మాటల్లేవ్. మాన్‌స్టర్." పక్కన మంటల బొమ్మలు. కింద బ్రెమెన్ ఆయన దండాలు పెట్టాడు. ఇల్మెనౌ వాళ్ళు వీడియో పెట్టమని కాళ్ళా వేళ్ళా పడుతున్నారు. సలహాదారు కూడా రాశాడు: "నేను కూడా ఉన్నా బండిలో. నెక్స్ట్ లెవెల్."

నేను ఫోన్ అతని చేతికిచ్చాను.

"ఏం జెయ్యాలె మరి?" అన్నాడు. అడిగింది నన్ను కాదు, గాలిని. "అందరు అడుగుతుండ్రు."

"అమ్ముతనంటివి."

"అమ్మేటప్పుడు చెప్తం ఏదో ఒకటి. ఇంజన్ పవర్ ఎక్కువై అమ్మేసిన్నని."

అక్కడితో నాకు అతని మీద ఉన్న జాలి చివరి చుక్క కూడా ఇంకిపోయింది. భయపడ్డందుకు కాదు. భయపడితే తప్పేముంది? నేను రాత పరీక్షకి ఏడవలేదా? భయం తనదైతే, దానికి నా బండి అమ్మాలా, నా పని మానాలా? పైగా గ్రూపులో మాన్‌స్టర్. ఆ రాత్రి అన్నం పెట్టాను, చారు పోశాను, ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో చాలా అరుదు. అతను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు. ప్రశాంతంగా నిద్రపోయాడు.

మర్నాడు శనివారం, నాకు సెలవు. అతను లేవకముందే, పళ్ళు కూడా తోముకోకుండా వర్క్‌షాపుకి పోయాను. కుక్క ఈసారి తల ఎత్తి చూసింది. స్టేజ్ వన్ కావాలన్నాను, కాగితంతో, పటాకులు లేకుండా, నేను పోసే పెట్రోలుకి సరిపోయేట్టు. "మీ ఆయన?" అన్నాడు ఆయన. "ఆయన నడపడు" అన్నాను. ఇంకేమీ అడగలేదు. నా పేరు రాసి, సంతకం పెట్టి, తాళంచెవి ఇచ్చి ట్రామ్ ఎక్కాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన బాల్కనీలో నిలబడి స్పీకర్ పెట్టి బ్రెమెన్ ఆయనతో మాట్లాడుతున్నాడు. స్టేజ్ టూ తొక్కితే ఎట్లా ఉంటుందో చెబుతున్నాడు. ఎవరో వెనక నుంచి గట్టిగా నెట్టినట్టుంటది అన్నా అంటున్నాడు. నేను చెప్పులు విప్పి, బాల్కనీ తలుపు పూర్తిగా తెరిచి, ఫోన్‌కి వినబడేట్టు చెప్పాను.

"బండి షాపుల ఇచ్చొచ్చిన. స్టేజ్ వన్ ఏస్తుండు. నిన్న ఏం ఎయ్యలేదు, గందుకే ఇయ్యాల ఏస్తుండు. బండి అమ్మేది లేదు, సోమవారం నేను పనికి పోవాలె."

మా ఆయన స్పీకర్ ఆపబోయాడు. ఈలోపే బ్రెమెన్ ఆయన, "నమస్తే చెల్లెమ్మా" అన్నాడు.

"నమస్తే అన్నా" అని, నేను లోపలికి వచ్చి పళ్ళు తోముకున్నాను.